సెల్ఫ్ అడ్జాయింట్ అయితే చాలా? క్రెయిన్ స్పేసులపై అపోహలు – వాస్తవాలు

ఎమ్మెస్సీలో హిల్బర్ట్ స్పేస్ చదివి మా సబ్జెక్టులోకి వచ్చేవాళ్లందరూ ఒక నమ్మకాన్ని వెంట తెచ్చుకుంటారు. ఆపరేటర్ సెల్ఫ్ అడ్జాయింట్ (ఇన్నర్ ప్రాడక్ట్‌లో ఏ వెక్టర్ మీద వేసినా ఫలితం మారనిది) అని తేలితే ఇక టెన్షన్ లేదని. ఇన్నర్ ప్రాడక్ట్‌లో ఒక్క మైనస్ చేరగానే, అంటే వెక్టర్ 'వర్గం' రుణం కూడా కాగల క్రెయిన్ స్పేస్‌లోకి రాగానే, ఆ నమ్మకం ఎక్కడ తప్పుతుందో చెప్తాను.

అపోహ: సెల్ఫ్ అడ్జాయింట్ కాబట్టి ఐగెన్ విలువలన్నీ వాస్తవ సంఖ్యలే, ఐగెన్ వెక్టర్లతో బేసిస్ కూడా వస్తుంది.

వాస్తవం: రెండూ తప్పే. ఆపరేటర్ ఏ వెక్టర్‌ని కేవలం ఒక సంఖ్యతో గుణించి వదిలేస్తుందో అది ఐగెన్ వెక్టర్, ఆ సంఖ్య ఐగెన్ విలువ. కాగితం తీసుకోండి. వెక్టర్‌కి రెండు అంకెలు, మొదటిదాని వర్గంలోంచి రెండోదాని వర్గం తీసేస్తే వచ్చేదే ఇక్కడ ఆ వెక్టర్ 'వర్గం', అది ధనం కావచ్చు, రుణం కావచ్చు, సున్నా కూడా కావచ్చు. ఇప్పుడు ఒక మాత్రిక: మొదటి వరుస 1, 0.6, రెండో వరుస −0.6, −1. రెండో వరుసలో గుర్తులు మార్చి చూడండి, సౌష్ఠవ మాత్రిక వస్తుంది, అంటే మన ఇన్నర్ ప్రాడక్ట్‌కి ఇది సెల్ఫ్ అడ్జాయింట్. ఐగెన్ విలువలు 0.8, −0.8. మొదటిదాని వెక్టర్ (3, −1), వర్గం 9 − 1 = 8. రెండోదాని వెక్టర్ (1, −3), వర్గం −8. ఇంతవరకు అంతా బాగానే ఉంది. ఆ 0.6ని మెల్లగా 1 దాకా పెంచుకుంటూ పోతే ఐగెన్ విలువలు రెండూ దగ్గరకొచ్చి సున్నా దగ్గర కలుస్తాయి, వెక్టర్లు రెండూ (1, −1) దిశలో ఒకటైపోతాయి, దాని వర్గం సున్నా. మాత్రికని దానితోనే గుణిస్తే అన్నీ సున్నాలే. అంటే జోర్డాన్ బ్లాక్ (సరిపడా ఐగెన్ వెక్టర్లు లేని మాత్రిక), బేసిస్ పోయింది. ఇంకాస్త పెంచి 1.25 చేయండి, విలువలు ±0.75 ఐ, పూర్తిగా ఊహాత్మకం!

అపోహ: రెండు ఐగెన్ విలువలు కలిస్తే సంకీర్ణంలోకి పోవాల్సిందే.

వాస్తవం: పై లెక్కలో 8, −8 ఎదురెదురు గుర్తులు కాబట్టే అలా జరగగలిగింది. ఒకే గుర్తువి కలిస్తే వాస్తవ రేఖ మీదే ఉండిపోతాయి. 1950లో ఈ స్పేసులకి పేరిచ్చిన గణిత శాస్త్రజ్ఞుడు మార్క్ క్రెయిన్ ఆవర్తన హామిల్టోనియన్ వ్యవస్థల స్థిరత్వాన్ని తేల్చింది ఇలాంటి గుర్తు లెక్కతోనే. అందుకే నేను ఎవరి లెక్క చూసినా ఐగెన్ విలువ కంటే ముందు దాని వెక్టర్ గుర్తు ఏంటని అడుగుతాను.

అపోహ: ఇది గణితం వాళ్లు సరదాకి పుట్టించుకున్నది.

వాస్తవం: లోపల ద్రవం నిండిన బొంగరం స్థిరంగా తిరుగుతుందా అన్నది గణిత శాస్త్రజ్ఞుడు సోబొలెవ్ పట్టుకున్న ప్రశ్న. దాన్నుంచే 1944లో పొంత్రియాగిన్ సిద్ధాంతం వచ్చింది. రుణ దిశలు పరిమితంగా, రెండో మూడో ఉంటే, వాస్తవం కాని ఐగెన్ విలువల జతలు ఆ సంఖ్యని దాటవు.

అపోహ: అయితే రుణ దిశలు అనంతమైతే స్పెక్ట్రల్ సిద్ధాంతమే లేదు.

వాస్తవం: ఏ షరతూ పెట్టకపోతే నిజమే, స్పెక్ట్రం (ఐగెన్ విలువల ఆలోచనకే విస్తృత రూపం) మొత్తం సంకీర్ణ తలమే అయిపోవచ్చు. కానీ రిజాల్వెంట్ సెట్ (స్పెక్ట్రంలో లేని సంఖ్యలు) ఖాళీగా లేకుండా, ఆపరేటర్‌ని ఏదో ఒక బహుపదిలో పెడితే వర్గరూపం రుణం కాకుండా వస్తే, హైన్జ్ లాంగర్ 1960ల్లో చూపినట్టు ఆపరేటర్‌ని ముక్కలుగా విడదీసే స్పెక్ట్రల్ ఫంక్షన్ దొరుకుతుంది, రెండు గుర్తులూ కలగలిసే కొన్ని క్రిటికల్ పాయింట్లు తప్ప. ఆ పాయింట్ల దగ్గరే మా అసలు పని.

అపోహ: స్పెక్ట్రం వాస్తవమని తేలితే మామూలు సెల్ఫ్ అడ్జాయింట్‌తో సమానమే.

వాస్తవం: ఎక్కువమంది పడేది ఇక్కడే. భౌతిక శాస్త్రజ్ఞులు బెండర్, బెట్చర్ 1998లో ముందుకు తెచ్చిన ఊహాత్మక ఘన పొటెన్షియల్ ఆపరేటర్ తీసుకోండి. దాని స్పెక్ట్రం వాస్తవమని 2001లో రుజువైంది. అయినా దాని ఐగెన్ ఫంక్షన్లు రీజ్ బేసిస్ (లంబ బేసిస్ లాగే నమ్మదగ్గ బేసిస్) కావని 2012లో తేలింది. మరోపక్క, మైనస్ రెండో అవకలజాన్ని సున్నాకి కుడివైపు +1తో, ఎడమవైపు −1తో గుణించి మొత్తం రేఖ మీద చూడండి. సున్నా, అనంతం రెండూ క్రిటికల్ పాయింట్లే, చూడ్డానికి భయం వేస్తుంది. కానీ అది నిజంగానే ఒక మామూలు సెల్ఫ్ అడ్జాయింట్ ఆపరేటర్‌కి సరూపం (బేసిస్ మారిస్తే అదే అవుతుంది), 1995లో చుర్గుస్, నాజ్‌మన్ నిరూపించారు.