మే ఎండలో తోటకూర గుట్టు

“డాబా మీద పాలకూర గిడసబారిపోయింది. పక్క కుండీలో తోటకూర మాత్రం కళకళలాడుతోంది. నీళ్లు రెండింటికీ ఒకేలా పోస్తున్నానండీ” అని హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. తేడా ఆమె చేతిలో లేదు, ఆకు లోపల ఉంది.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర దారి పట్టించే ఎంజైము రూబిస్కో. పెళ్లి బంతిలో వడ్డించేవాడి లాంటిది. ఎవరు కూర్చున్నా విస్తరి వేసేస్తుంది. పిలిచిన చుట్టం కార్బన్ డయాక్సైడ్, పిలవకుండా వచ్చేది ఆక్సిజన్. 25 డిగ్రీల దగ్గరే సుమారు నాలుగు విస్తళ్లలో ఒకటి ఆక్సిజన్‌కు పోతుంది. దాన్ని లేపి పంపడానికి మొక్క కూడబెట్టుకున్న కార్బన్‌లో కొంత ఖర్చవుతుంది. ఎండ ముదిరితే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరగడం ఆక్సిజన్ కంటే వేగంగా తగ్గుతుంది. పైగా నీరు పోకుండా పత్రరంధ్రాలు మూసుకుంటే కొత్త చుట్టాలు రారు. పాలకూర చిక్కిపోయేది ఇక్కడే.

తోటకూర బంతిని లోపలి గదిలోకి మార్చేసింది! గుమ్మంలో పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైము కాపలా. అది ఆక్సిజన్ జోలికే పోదు. కార్బన్‌ను నాలుగు కార్బన్ల ఆమ్లంగా మార్చి, ఆకు ఈనెల చుట్టూ దండలా అమరిన కణాల్లోకి పంపుతుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ విడుదలై కిక్కిరిసిపోతుంది, ఇక రూబిస్కో పొరపడేది బహు తక్కువ. 1966లో హాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో చెరకు మీద పనిచేసి ఈ దారిని వివరించారు. ఇంటర్‌లో మాకు మొక్కజొన్న, చెరకు బొమ్మలతోనే పాఠం అయిపోయింది. పచ్చ తోటకూర ఆకును వెలుగుకి పట్టి భూతద్దంతో చూపించి ఉంటే ఎంత బాగుండేది! ఈనెల వెంట ముదురాకుపచ్చ వల కనిపిస్తుంది.

గంగవాయల కూర ఇంకో అడుగు ముందుంది. నీళ్లు తక్కువైతే తోటకూర లాంటి పగటి పద్ధతికి తోడు రాత్రి కూడా గుమ్మం తెరుస్తుంది. అప్పుడు వచ్చిన చుట్టాలను మాలిక్ ఆమ్లం రూపంలో దాచి, తెల్లారాక వడ్డిస్తుంది. మొక్కలన్నీ రాత్రి విషవాయువే వదులుతాయని భయపెట్టేవాళ్లకు ఈ కూర చూపించాలి, రాత్రి అది కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుంటుంది. 2022లో వచ్చిన ఒక పరిశోధన ఈ రెండు పద్ధతులూ ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని చూపింది.

పాలకూర దసరా దాటాక చల్లుకోండి. ఇప్పుడు ఆ కుండీలో తోటకూర గింజల్ని ఇసుకతో కలిపి చల్లితే నెల తిరిగేసరికి కోతకొస్తుంది. గంగవాయల కుండీకి నాలుగైదు రోజులు నీళ్లు ఆపి, తెల్లవారుజామున ఒక ఆకు, సాయంత్రం ఒక ఆకు నమిలి చూడండి. పొద్దుటి ఆకు పుల్లగా తగులుతుంది. ఆ పులుపే రాత్రి దాచిన ఆమ్లం.