తొమ్మిది నెలల సెలవు

కనిగిరి వైపు ఎవరికి కీళ్లు పట్టేసినా ముందు తిట్లు తినేది బోరు నీళ్లే. తప్పేం లేదు, ఫ్లోరైడ్ ఎంతమంది నడుములు వంచిందో కళ్లారా చూసిన ఊళ్లు అవి. మా పిన్ని వేళ్లు బిగుసుకుపోయినప్పుడూ నీళ్లనే అన్నాం. కానీ ఆమె నొప్పికి వేళలున్నాయి. తెల్లారి వాకిట్లో ముగ్గు పెడదామంటే చిటికెలో పిండి నిలిచేది కాదు. పదింటికల్లా అవే వేళ్లతో రోట్లో పచ్చడి నూరేది. పైగా "రెండోవాడు కడుపులో ఉన్నన్నాళ్లూ ఒక్క నొప్పి లేదురా అబ్బయా" అనేది. వాడికి మూడో నెల వచ్చేసరికి అన్నీ తిరగబెట్టాయి. బాలింత పథ్యం సరిగా చేయలేదని అమ్మమ్మ సణిగింది.

ఆ తొమ్మిది నెలలూ పిన్ని తాగింది అదే బోరు నీళ్లు. మరి నొప్పి ఎటు పోయినట్టు?

ఆమెది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల పొరల మీద పడే జబ్బు. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇలాగే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే పడే లూపస్ అనే జబ్బయితే పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్, యాంటీబాడీలు (రోగాలతో పోరాడే ప్రొటీన్లు) తయారుచేసే బి కణాలను ఎగదోస్తుంది, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గిస్తుంది. ఎక్స్ క్రోమోజోమ్‌కూ ఇందులో వాటా ఉంది కాబట్టి నేరమంతా హార్మోన్లదే అనలేం. ఇక కడుపులో బిడ్డ సగం తండ్రిది, అంటే తల్లి ఒంటికి సగం పరాయి. ఆ బిడ్డ మీదికి పోకుండా ప్రొజెస్టెరాన్, కార్టిసోల్ అనే హార్మోన్లు పెరిగి నిరోధక కణాలను నెమ్మదిస్తాయి. ఆ చలవే చాలామందిలో కీళ్లకూ తగులుతుంది. కాన్పుతో ఆ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, నొప్పులు తిరగబెడతాయి. లూపస్ మాత్రం కడుపుతో ఉన్నప్పుడే ముదరొచ్చు.

అమెరికాలో మేయో క్లినిక్ డాక్టరు ఫిలిప్ హెంచ్ 1930ల్లోనే ఈ సంగతి గమనించాడు. కామెర్లొచ్చినా, కడుపుతో ఉన్నా కీళ్లు తేలికపడుతున్నాయేమని ఆరా తీస్తూ, 1948లో కీళ్లు పట్టేసిన ఒకామెకు కార్టిసోల్‌కు దగ్గరి చుట్టమైన కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు.

పల్లెల్లో గంటల్లో లేపి కూర్చోబెట్టే నొప్పుల సూదుల్లో చాలావాటిలో ఉండేది ఈ కార్టిసోన్ చుట్టాలైన స్టెరాయిడ్లే. పిన్నికీ నెలల తరబడి వేయించారు. మొహం గుండ్రంగా ఉబ్బింది. బయటినుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఒంట్లో కార్టిసోల్ చేసే అడ్రినల్ గ్రంథులు సొంత తయారీ మానుకుంటాయి, అందుకే దాన్ని చటుక్కున ఆపకూడదు. ఒంట్లో పుట్టే కార్టిసోల్ అర్ధరాత్రికి అడుగంటుతుంది. తెల్లవారుజామున వాపు రసాయనాలు ఎగసే వేళకు ఈ జబ్బున్నవాళ్లలో అది చాలినంత అందదు. సరిగ్గా ముగ్గు వేళకే వేళ్లు బిగిసేది అందుకే.

చివరికి ఒంగోలులో ఒక డాక్టరమ్మ, "కడుపుతో ఉన్నప్పుడు కీళ్ల నొప్పులు ఎలా ఉండేవమ్మా?" అని అడిగింది. పిన్నిని ఆ మాట అడిగింది ఆవిడొక్కతే. ఇప్పుడు వారానికోసారి మాత్ర. ముగ్గు మాత్రం ఎనిమిది దాటాకే.