భీమిలికి బస్సే దిక్కు ఎందుకయింది

విశాఖపట్నాన్ని కార్యనిర్వాహక రాజధాని చేస్తూ 2020లో చట్టం వచ్చింది. 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. రాజధాని సంగతి ఏమైనా, ఆ మాట వచ్చినప్పుడల్లా వెంటే వినిపించే పేరు భీమిలి. విశాఖ నుంచి భీమిలి వరకు ఒకే నగరమని, బీచ్ కారిడార్ అని, ట్రామ్ అని చాలానే అనుకున్నారు. ప్రయాణికుడి చేతికి మాత్రం ఇప్పటికీ అందేవి రెండే: ఆర్టీసీ సిటీ బస్సు, ఆటో. పాతిక ముప్పై కిలోమీటర్ల ఈ దారిలో రైలు లేదు, లోకల్ రైలు ప్రస్తావన కూడా ఎప్పుడో గాని రాదు. ఇది అధికారుల నిర్లక్ష్యం అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు ఉన్నారు. అసలు ముడి అంతకంటే చాలా పాతది.

భీమిలి అసలు పేరు భీమునిపట్నం, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట పుట్టిన రేవు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. సముద్రం ఒడ్డున వాళ్ల సమాధుల తోట ఇంకా ఉంది. కోసుగా లేచిన ఇటుక కట్టడాల కింద వంశచిహ్నాలూ డచ్చి అక్షరాలూ చెక్కిన రాతి పలకలు కనిపిస్తాయి. వాటిలో పాతది 1661 నాటిది. 1825లో రేవు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది, దేశంలోని తొలి మున్సిపాలిటీల్లో ఇదొకటి. అంటే విశాఖకు హార్బరు రావడానికి 70 ఏళ్ల ముందే భీమిలికి సొంత పాలన, సొంత వ్యాపారం ఉన్నాయి. పక్క ఊరి మీద ఆధారపడాల్సిన పని దానికి లేదు.

ఇక్కడ గమనించాల్సింది సరుకు నడిచిన దిశ. విజయనగరం వైపు నుంచీ, ఆ పైనున్న ఏజెన్సీ కొండల కింది సంతల నుంచీ ఎడ్లబండ్ల మీద నూనెగింజలు, కరక్కాయ, గోగునార దిగేవి. గోగునారకు ప్రపంచ మార్కెట్లో ‘బిమ్లీ జూట్’ అన్న పేరు ఈ రేవు వల్లే వచ్చింది. దగ్గర్లోని చిట్టివలసలో జూట్ మిల్లు వెలసింది కూడా ఆ నారను నమ్ముకునే. పడమటివైపు నర్సీపట్నం దాకా పోయే బీఎన్ రోడ్డును చూడండి. భీమిలి–నర్సీపట్నం అన్న పేరే దానికి ఇంకా నిలిచి ఉంది. గుంతల వల్ల ఆ రోడ్డు తరచూ వార్తలకెక్కుతుందన్నది వేరే సంగతి. మొత్తం మీద ఊరి ముఖం సముద్రం వైపు, చేతులు పడమటి వైపు. తీరం వెంబడి దక్షిణంగా విశాఖకు సరుకు మోసుకుపోవాల్సిన అవసరం వర్తకుడికి రాలేదు. విశాఖలో దొరికే ఓడ భీమిలిలోనూ దొరికేది.

ఓడ అంటే రేవులోకి వచ్చి ఆగేది కాదు. ఒడ్డున లోతు చాలదు కాబట్టి స్టీమరు దూరంగా లంగరు వేసేది. సరుకు, మనుషులు మాసూలా పడవల్లో కెరటాలు దాటి వెళ్లాలి. ఆ పడవ పలకలకు మేకులు ఉండవు, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్లు. మేకులు కొట్టిన పడవైతే ఒడ్డున విరిగే అల దెబ్బకు పలకలు చీలిపోతాయి. కుట్టిన పడవ వంగి, ఆ దెబ్బను ఓర్చుకుంటుంది. పద్ధతి ఎంత తెలివైనదైనా మోయగలిగిన బరువు తక్కువ, వాయుగుండం పడితే పని మొత్తం ఆగిపోతుంది. భీమిలిని చివరికి దెబ్బ తీసింది ఇదే.

మొదటి దెబ్బ మాత్రం రైలుది. 1890లలో ఈస్ట్ కోస్ట్ రైల్వే పట్టాలు వేస్తూ వాల్తేరు (ఇప్పటి విశాఖ స్టేషన్) నుంచి విజయనగరానికి తీరం వెంట పోలేదు. సముద్రానికీ మైదానానికీ మధ్య సింహాచలం, కంబాలకొండ వరస అడ్డం. అందుకే లైను ఆ కొండలకు పడమటివైపుగా చుట్టి సింహాచలం, పెందుర్తి, కొత్తవలస, కంటకాపల్లి, అలమండ, కోరుకొండ మీదుగా విజయనగరం చేరింది. ఇప్పటికీ హౌరా–చెన్నై మెయిన్ లైను అదే, విశాఖ నుంచి విజయనగరానికి పట్టాల మీద 61 కిలోమీటర్లు. కొండ చదును చేయడం కన్నా చుట్టు తిరగడమే చవక అనుకునే ఇంజినీరుకు అది సరైన లెక్కే. ఆ లెక్కలో భీమిలి మాత్రం పట్టాలకు దూరంగా ఉండిపోయింది.

రెండో దెబ్బ ఇంకా బలమైనది. మధ్య పరగణాల సరుకును సముద్రానికి దించడానికి విజయనగరం–రాయపూర్ లైను 1931లో పూర్తయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇంజినీర్లే విశాఖలో హార్బరు తవ్వారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది, ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. డాల్ఫిన్ నోస్ కొండ చాటున ఓడ నేరుగా గట్టుకు ఆనుకుంటుంది, పక్కనే వ్యాగను నిలబడి ఉంటుంది. ఒక పక్క ఈ సౌకర్యం, ఇంకో పక్క ఎడ్లబండి, మాసూలా పడవ. ఏ వర్తకుడైనా ఎటు పోతాడో చెప్పనక్కర్లేదు. భీమిలి రేవు చిక్కిపోయింది, చిట్టివలస మిల్లు ఇంకా చాలాకాలం నడిచి 2009లో మూతపడింది. ఊరు విశాఖ మీద ఆధారపడటం మొదలైంది రేవు చిక్కిపోయినప్పటినుంచే: కొలువుకు, కాలేజీకి, పెద్దాసుపత్రికి. అప్పటికి ఈ రెండు ఊళ్ల మధ్య ఉన్నవి రోడ్లు మాత్రమే. 2013లో భీమిలిని మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో కలిపారు. ఒకే కార్పొరేషను కిందికి వచ్చింది గాని రవాణా మాత్రం పాత తీరులోనే ఉండిపోయింది.

ఇప్పుడున్న రెండు దారులకు కూడా కొండలే కారణం. తీరం పక్కనున్న కొండలకు పడమట జాతీయ రహదారి 16, తూర్పున బీచ్ రోడ్డు. 900కె బస్సు బీచ్ రోడ్డుది. విశాఖ ప్రధాన బస్టాండు అయిన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎక్కితే అప్పుఘర్, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, ఋషికొండ, తిమ్మాపురం, మంగమారిపేట, చేపలుప్పాడ దాటి భీమిలి చేరుస్తుంది. 999 హనుమంతవాక, మధురవాడ మీదుగా హైవే పట్టుకుని పోతుంది. ఇవి రెండూ భీమిలి బస్సులే కాబట్టి బోర్డు మీద ఊరి పేరు ఒకటే ఉంటుంది, కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. తొట్లకొండకో ఎర్రమట్టి దిబ్బలకో పోవాల్సినవాళ్లు 999 ఎక్కితే ఆ చోట్లు దారిలో తగలనే తగలవు. బోర్డు కాదు, నంబరు చూడాలి. అనుమానంగా ఉంటే ‘బీచ్ రోడ్డేనా?’ అని కండక్టర్ని అడిగి ఎక్కాలి. పొరపాటున హైవే బస్సు ఎక్కేసినా కంగారు లేదు. ఎండాడలో దిగి ఆటోలో ఋషికొండ వైపు, లేదా మారికవలసలో దిగి తిమ్మాపురం వైపు కొండ సందుల్లోంచి బీచ్ రోడ్డుకు దాటవచ్చు. ఈ రెండూ దాటిపోతే మాత్రం భీమిలి దాకా పోయి వెనక్కి రావడమే మేలు.

మూడో పద్ధతి 222. రైల్వేస్టేషన్ నుంచి కాంప్లెక్స్ మీదుగా తగరపువలస పోయే బస్సు ఇది. తగరపువలస భీమిలి కాదు. అక్కడి నుంచి ఇంకో ఆరు కిలోమీటర్లు, షేర్ ఆటోయో మరో బస్సో చూసుకోవాలి. గూగుల్ మ్యాపు చూసి రెండూ పక్కపక్కనే ఉన్నాయనుకుని దిగిపోయినవాళ్లు చీకటి పడ్డాక ఆటో బేరాల్లో చిక్కుకుంటారు. షేర్ ఆటో నిండితేగాని కదలదు. పగలు ఆ ఇబ్బంది తక్కువ.

ఒడిశా వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లు విశాఖ దాకా వచ్చి వెనక్కి తిరగనక్కర్లేదు. విజయనగరంలో దిగి, మోదవలస మీదుగా తగరపువలస పోయే బస్సు ఎక్కితే చాలు. విశాఖ నాన్‌స్టాప్ బస్సు మాత్రం ఎక్కకూడదు, అది తగరపువలసలో ఆపుతుందని లెక్క వేసుకోవద్దు. ఇక విశాఖ స్టేషన్లో దిగినవాళ్లకు కాంప్లెక్స్ సుమారు రెండు కిలోమీటర్లు. సామాను ఉంటే స్టేషన్ బయటే సిటీ బస్సు చూసుకోవచ్చు గాని, సీటు కావాలంటే కాంప్లెక్స్‌కు పోయి ఎక్కడమే మంచిది. భీమిలి వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపు, ఎర్రమట్టి దిబ్బలు ఎడమవైపు. దిబ్బలకు భీమిలి దాకా పోకుండా ముందే నేరెళ్లవలస దగ్గర దిగాలి. తొట్లకొండ బౌద్ధారామానికి మంగమారిపేటలో దిగాలి, అక్కడి నుంచి కొండపైకి ఎక్కుడు దారి, బస్సు పోదు.

మహిళలకు ఇప్పుడు ఈ దారి ఖర్చు లేనిది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీలోనూ మెట్రో ఎక్స్‌ప్రెస్‌లోనూ ఉచితం. ఆధార్, ఓటరు కార్డు, రేషను కార్డు లాంటి గుర్తింపు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాలి. ఉచితమే కదా అని టికెట్టు తీసుకోకుండా కూర్చుంటే తనిఖీలో ఇబ్బంది. మగవాళ్లకు చిల్లర ఉంచుకోవడం మామూలు జాగ్రత్తే.

బస్సు ఎక్కడ చిక్కుతుంది? అసలు సమస్య ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం. అందరూ పొద్దుగూకేదాకా కూర్చుని ఒకేసారి లేస్తారు. భీమిలిలోనే నిండిపోయిన బస్సు ఋషికొండ దగ్గర చేయెత్తినా ఆగకపోవచ్చు, ఆగినా ఫుట్‌బోర్డు మీదే చోటు. అందుకే ఋషికొండ, సాగర్‌నగర్లలో గడిపి మధ్యలో ఎక్కుదామనుకునేవాళ్లు చీకటి పడేలోగా లేవాలి. భీమిలి బస్టాండులో మొదటే ఎక్కినవాళ్లకు ఈ బాధ ఉండదు. పనిదినాల్లో ఇంకో రద్దీ ఉంది: పొద్దున ఋషికొండ వైపు కాలేజీ పిల్లలు, ఐటీ ఉద్యోగులు. ఆ వేళ నగరం నుంచి బయటికి పోయే బస్సు కూడా ఖాళీగా ఉండదు.

బీచ్ రోడ్డు మూసేసే రోజులు వేరు. నావికాదళ విన్యాసాల రోజుల్లో ఆర్కే బీచ్ దగ్గర ట్రాఫిక్ మళ్లిస్తారు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి తీరం వెంట కిలోమీటర్ల పొడవునా జనాన్ని కూర్చోబెట్టారు. తుపాను వేళ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు చెట్లు కూలి, స్తంభాలు విరిగి నగరమే స్తంభించింది. కోతకు గురయ్యే తీరం మీద వేసిన రోడ్డు కాబట్టి బీచ్ రోడ్డుకు ఈ బలహీనత పోదు. అలాంటి రోజున 999 ఒక్కటే నమ్మదగ్గది. ఆ బస్సు కూడా లేకపోతే 222, తగరపువలస.

ఇంతకీ కొత్తగా రాబోయేది ఏమిటి? కేంద్రం నగరాల కోసం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కాలంలో విశాఖకు బీఆర్‌టీఎస్, అంటే బస్సులకు ప్రత్యేక వరస ఉన్న రోడ్లు, వచ్చింది. ఆ రెండు కారిడార్లూ పెందుర్తికీ సింహాచలానికీ వేశారు, భీమిలి వైపు ఒక్కటీ లేదు. మెట్రో ప్రణాళికకు రాష్ట్రం 2024 డిసెంబరులో ఆమోదం ఇచ్చింది. తొలిదశలో స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాదికి 34.40 కిలోమీటర్ల మార్గం ఉంది. రెండో దశలో కొమ్మాది నుంచి భోగాపురం విమానాశ్రయానికి 30.67 కిలోమీటర్లు. రెండూ హైవే వెంబడే. 1890లలో రైలు కొండకు అవతలి నుంచి పోయినట్టే, ఈసారి మెట్రో కూడా భీమిలిని సముద్రం వైపు వదిలేసి పోతుంది. కొండ పడమటి పక్కన జనసాంద్రత ఎక్కువ, విమానాశ్రయానికి పోయే హైవే అటే ఉంది కాబట్టి ఆ నిర్ణయంలో తప్పు పట్టలేం. తప్పు పట్టాల్సింది కొమ్మాది, తగరపువలసల నుంచి భీమిలికి తిరిగే ఫీడరు బస్సుల గురించి ఇప్పటి నుంచే ఎవరూ గట్టిగా అడగకపోవడాన్ని. స్టేషన్లు కట్టాక బస్సులు ఆగే బస్‌బేకు స్థలం వెతకడం ఎంత కష్టమో మధురవాడ కారుషెడ్డు జంక్షన్లో సాయంత్రం ఆరు గంటలకు నిలబడి చూస్తే తెలుస్తుంది.