టెన్షనంతా ఐ-94లోని ఆ రెండక్షరాల గురించే

విశాఖ ద్వారకానగర్ కన్సల్టెన్సీలకు వచ్చే తల్లిదండ్రులు ముందుగా అడిగేది వీసా ఎన్నేళ్లకు వస్తుందని. కానీ అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో తేల్చేది అక్కడ దిగినప్పుడు నమోదయ్యే ప్రవేశ రికార్డు, ఐ-94. విద్యార్థుల ఐ-94లో గడువు తేదీ ఉండాల్సిన చోట 'డి/ఎస్' అని ఉంటుంది. అంటే చదువు నిబంధనల ప్రకారం సాగినంత కాలం ఉండొచ్చు. దాని బదులు గరిష్ఠంగా నాలుగేళ్ల గడువు పెట్టాలని 2025 ఆగస్టులో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ప్రతిపాదించింది.

తేదీ పడితే అంత భయమెందుకంటే, 1996 సెప్టెంబరులో క్లింటన్ సంతకం చేసిన వలస చట్టం వల్ల. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది నిండితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. దేశం దాటాకే ఈ నిషేధం వర్తిస్తుంది కాబట్టి, జనాన్ని పంపేయాలని తెచ్చిన చట్టం వాళ్లను అక్కడే కట్టిపడేసింది. అమ్మకు ఆపరేషన్ అన్నా, చెల్లి పెళ్లి అన్నా కొందరు రాలేకపోయేది ఇందుకే.

డి/ఎస్ ఉన్నవాళ్లకు మాత్రం అధికారులో, జడ్జో స్టేటస్ (విద్యార్థిగా ఉండే చట్టబద్ధ హోదా) పోయిందని తేల్చేదాకా ఈ రోజుల లెక్క మొదలవదు. 2018లో ఆ రక్షణ తీసేయబోతే 2020లో ఫెడరల్ కోర్టు అడ్డుకుంది.

కొందరు కోర్సు మీద కోర్సు చేరుతూ ఏళ్ల తరబడి ఉండిపోతున్నారన్నది ప్రభుత్వ వాదన. అలాంటివాళ్లు ఉన్నమాట నిజమే. కానీ స్టేటస్ పోవడం ప్రతిసారీ విద్యార్థి తప్పేనా? 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీని నడిపింది అమెరికా వలస చట్టాల అమలు సంస్థ ఐసీఈ రహస్య ఏజెంట్లే. పట్టుబడిన మన పిల్లలు ప్రభుత్వ జాబితాలో పేరు చూసే ఫీజు కట్టామన్నారు. అది నిజమైన చదువు కాదని తెలిసే చేరారని ప్రాసిక్యూటర్లు అన్నారు. 2025 ఏప్రిల్‌లో 4,700 మందికి పైగా విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు రద్దయ్యాయి. వాళ్లలో చిన్న ట్రాఫిక్ కేసుల వాళ్లూ ఉన్నారు. కోర్టుల్లో వరసగా ఎదురుదెబ్బలు తగిలాకే పునరుద్ధరణ మొదలైంది.

రెండేళ్ల ఎమ్మెస్, ఏడాది ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు మరో రెండేళ్లు: లోను తీసుకునేటప్పుడు మనవాళ్లు వేసుకునే ఐదేళ్ల లెక్క ఇదే. ఇప్పుడు చదువుకు ఇంకాస్త సమయం కావాలంటే కాలేజీ అధికారే ఐ-20 (చదువు గడువు చూపే పత్రం) పొడిగిస్తారు. ప్రతిపాదన అమలైతే వలస దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. చదువయ్యాక ఇచ్చే 60 రోజుల వెసులుబాటు 30కి తగ్గుతుంది. గడువు దాటాక ఆ దరఖాస్తును తిరస్కరిస్తే, మర్నాటి నుంచే 180 రోజుల లెక్క మొదలు.