నెలసరి రికార్డులు, ఆఫీసులో సర్దుబాట్లు: అపోహలు - వాస్తవాలు

గైనకాలజీ ఓపీలో నెలసరి ఇబ్బందుల వల్ల ఆఫీసులో సర్దుబాటు కోసం సర్టిఫికెట్ అడగడానికి వచ్చేవాళ్లు చాలామంది ఫోన్ చూపించి, "మేడమ్, పీరియడ్ యాప్‌లో అంతా ఉంది, ఇదే హెచ్‌ఆర్‌కి పంపేయనా?" అని అడుగుతారు. వద్దమ్మా అంటాను.

అపోహ: రాసుకున్నదంతా చూపిస్తేనే ఆఫీసువాళ్లు నమ్ముతారు.

వాస్తవం: వాళ్లకు ముఖ్యంగా తెలియాల్సింది ఏ పని కష్టమవుతోంది, ఎన్నాళ్లపాటు, ఏ మార్పు కావాలి అన్నదే. నేను రాసే కాగితం దాదాపు ఇలా ఉంటుంది: "ఈమె నా దగ్గర వైద్యం తీసుకుంటున్నారు. నెలలో రెండు మూడు రోజులు ఎక్కువసేపు నిలబడలేరు. ఆ రోజుల్లో కూర్చుని చేసే పని ఇవ్వాలని సలహా. ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తాను." రక్తస్రావం, స్కాన్‌ల ఊసే ఉండదు.

ఒకావిడ యాప్ నుంచి తీసిన పీడీఎఫ్‌ను మేనేజర్‌కి రాసిన మెయిల్‌కి అటాచ్ చేసి, పంపేముందు నాకు చూపించింది. నొప్పి వివరాల పక్కనే శారీరకంగా కలిసిన రోజులు, ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకున్న తేదీ, మూడ్ అన్నీ వరుసగా ఉన్నాయి. ఆ పేజీలు తను చూసుకోనే లేదు. ఆ క్షణంలో ఆమె ముఖం నాకింకా గుర్తుంది.

అపోహ: ఆఫీసుకి చూపించనప్పుడు రాసుకోవడం దండగ.

వాస్తవం: ఆ రాత డాక్టర్‌కి కావాలి. మొదలైన తేదీ, ఎన్ని రోజులు, ఎన్ని గంటలకోసారి ప్యాడ్ మార్చారు, ఏ మాత్ర వేసుకున్నారు, ఏ పని ఆగిపోయింది అన్నవి రెండు మూడు నెలలు రాయండి. "బాగా నొప్పి" అనేకంటే "14న షిఫ్ట్ మధ్యలో రెండు గంటలు పడుకున్నాను" అని రాస్తే నాకు ఎక్కువ పనికొస్తుంది. గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే మాత్రం ఆఫీసు సంగతి తర్వాత, ముందు వైద్యం. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగి నొప్పి తెచ్చే జబ్బు) పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఉంటుంది, బయటపడేసరికి చాలామందికి ఏళ్లు గడిచిపోతాయి.

అపోహ: యాప్‌లోది ఆసుపత్రి ఫైల్ అంత భద్రం.

వాస్తవం: కాదు. యూజర్ల ఆరోగ్య సమాచారం ఫేస్‌బుక్, గూగుల్ లాంటి సంస్థలకు చేరిందని ఒక పేరున్న పీరియడ్ యాప్‌పై అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో ఆరోపించింది. నోట్‌బుక్ చాలు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు మెయిల్‌లో మాత్రం పెట్టుకోకండి.

అపోహ: టీమ్ లీడర్‌కి కారణం చెప్పాల్సిందే.

వాస్తవం: ఏ రోజు ఏం మారుతుందో తెలిస్తే ఆయన పని నడుస్తుంది. కాగితం హెచ్‌ఆర్ దగ్గరో, కంపెనీ డాక్టర్ దగ్గరో ఉంటే సరిపోతుంది. ఇంకా వివరాలు అడిగితే, అవి దేనికి కావాలో రాతపూర్వకంగా అడగండి. నిజంగా అవసరమైతే నన్నే అడగమనండి, మీరు ఒప్పుకున్నంతవరకే రాసిస్తాను.