వ్యాను కింద పట్టాలు ఏమయ్యాయి?

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

లారీ కింద వంగి చూస్తే పొడుగునా రెండు ఇనప పట్టాలు కనిపిస్తున్నాయి, మారుతీ వ్యాను కింద అవి లేవేం తాతయ్యా అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేది కాదని అప్పుడు ఊరుకున్నాను. ఆ పట్టాల పని మీదే మన ఇల్లు నడిచింది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. ఓపిగ్గా చదవండి.

ఆ పట్టాలనే మేం ఛాసీ అంటాం. ముందు నుంచి వెనక దాకా రెండు ఛానళ్లు, అంటే ఒక పక్క తెరిచి ఉండేలా మడిచిన ఉక్కు పట్టాలు, వాటిని కలుపుతూ అడ్డంగా కొన్ని క్రాస్ మెంబర్లు. నిచ్చెన ఆకారం కనుక లాడర్ ఫ్రేమ్ అన్నారు. ఇంజను, గేరుబాక్సు, కమాన్ కట్టలు (కుదుపు మోసే స్ప్రింగు పట్టీలు), డీజిలు ట్యాంకు అన్నీ దానికే బిగుస్తాయి. పైన బాడీ లేకపోయినా బండి నడుస్తుంది. మా రోజుల్లో మద్రాసు హైవే మీద ఎప్పుడు చూసినా ఉత్త ఛాసీలు వరసగా వచ్చేవి. డ్రైవరు చెక్క మీద కూర్చుని, తలకీ ముఖానికీ తువాలు చుట్టుకుని ఎండలోనే నడుపుకుంటూ వచ్చేవాడు. ఇక్కడికి చేరాక అదే ఛాసీ ఒకచోట లారీ అయ్యేది, ఇంకోచోట బస్సు అయ్యేది.

మొదట్లో అవి పూర్తిగా ఇనపవి కూడా కావు. గుర్రబ్బళ్లు కట్టిన చేతులే తొలి మోటారు బళ్లూ కట్టాయి. కర్ర దూలానికి పక్కన ఇనప బద్ద వేసి బోల్టులు బిగించేవాళ్లు. ఆ తర్వాత ఉక్కు రేకును ప్రెస్సులో మడిచి ఛానల్ చేయడం వచ్చింది. ఫోర్డు వాళ్ల మోడల్ టీ కారుది అలాంటి ఫ్రేమే. దాన్నే పొడుగు పెంచి, గట్టి చేసి 1917లో టన్ను బరువు మోసే మోడల్ టీటీ తెచ్చారు. ముందు వెనక చక్రాల మధ్య దూరం 100 అంగుళాలు ఉన్నది సుమారు రెండడుగులు పెరిగింది. చాలాకాలం ఎక్కువ వ్యాన్లు అలా కారు ఫ్రేమును సాగదీసి చేసుకున్నవే.

ఛానలే ఎందుకు? బరువు పడ్డప్పుడు పట్టా నడుమ కిందికి వంగుతుంది. అప్పుడు పై అంచు నలుగుతుంది, కింది అంచు సాగుతుంది, సరిగ్గా మధ్యలో పెద్దగా ఏమీ జరగదు. అంచేత ఇనుము పైనా కిందా ఉండాలి, ఆ రెంటినీ దూరంగా పట్టి ఉంచడానికి మధ్యలో ఓ గోడ ఉంటే చాలు. నిలబెట్టిన బద్ద ఎత్తు రెట్టింపు చేస్తే అది వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మందం రెట్టింపు చేస్తే రెండు రెట్లే. పాత ఛాసీల్లో పట్టా నడుమ లోతుగా ఉండి చివరలకు సన్నబడేది ఈ లెక్క వల్లనే. మాకు పని నేర్పినవాళ్లు ఈ లెక్క చెప్పలేదు గానీ, "రంధ్రం వేస్తే గోడకే వెయ్యి, పై రెక్క జోలికీ కింది రెక్క జోలికీ పోకు" అని మాత్రం గట్టిగా చెప్పారు. రెండూ ఒకటే మాట.

వంగడం ఒక్కటే అయితే పని తేలిక. బండి మెలి కూడా తిరుగుతుంది. ముందు ఎడమ చక్రం గుంతలో దిగి, వెనక కుడి చక్రం రాయెక్కితే ఫ్రేము మొత్తం మెలిపడుతుంది. అగరువత్తుల అట్ట గొట్టం ఒకటి తీసుకుని రెండు చేతులతో మెలితిప్పండి, లొంగదు. పొడుగునా కత్తెరతో ఒక్క గాటు పెట్టి మళ్లీ తిప్పండి. అట్ట అదే, మందం అదే, కానీ సుళువుగా తిరిగిపోతుంది. ఒకవైపు తెరిచి ఉన్న ఛానల్ ఆ గాటు పెట్టిన గొట్టం, నాలుగు వైపులా మూసిన బాక్సు పట్టా గాటు లేని గొట్టం.

లారీకి తెరిచిన ఛానలే మంచిది. మెలి తిరుగుతుంది కాబట్టే గతుకుల్లోనూ చక్రాలన్నీ నేల మీద ఆనుతాయి. వెల్డింగు చేయకుండా రివిట్లు, అంటే తల నలగ్గొట్టి బిగించే మేకులు, కొట్టేదీ అందుకే. వెల్డింగు వేడికి పక్కనున్న ఉక్కు గుణం మారిపోయి, రోజూ కదిలే చోట కొన్నాళ్లకు అక్కడే చిట్లుతుంది. రివిటు వదులైతే ముందే చెబుతుంది. తల చుట్టూ సన్నగా ఎర్రటి పొడి రాలుతుంది. సుత్తితో తట్టి చూస్తే బిగువున్నది ఖంగుమంటుంది, వదులైంది డబ్బుమంటుంది. విరిగిన పట్టాకు లోపల అతుకు పట్టీ వేసేటప్పుడు దాని చివరలు నిలువుగా కొయ్యరు, ఏటవాలుగా కోస్తారు. నిలువుగా కోస్తే గట్టి భాగం ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఒత్తిడంతా ఆ గీత మీదే పడి మళ్లీ అక్కడే పగులు వస్తుంది. ఆ కోత చూసి పనివాడెవరో చెప్పేయొచ్చు.

ఇక వ్యాను దగ్గరికి వద్దాం. వ్యాను బాడీ పైకప్పుతో సహా మూసిన పెట్టె, అంటే దానంతటదే బిగువైనది. దాన్ని తీసుకెళ్లి మెలి తిరిగే ఛాసీ మీద కూర్చోబెడితే కింది ఫ్రేము తిరుగుతానంటుంది, పై పెట్టె తిరగనంటుంది. మధ్యలో నలిగిపోయేది తలుపు మూలలు. అందుకే బాడీకీ ఛాసీకీ మధ్య కర్ర పట్టీ, రబ్బరు వేసి యూ-బోల్టులతో పట్టిస్తాం. ఇంకో చిక్కు వ్యాను లోపలి నేల ఎత్తు. పట్టాలు ఇరుసు మీదుగా పోవాలి, వాటి పైన నేల రావాలి. వెనక ఇరుసు దగ్గర మాత్రం పట్టాను పైకి వంచి, నడుమ కిందికి దించినవాళ్లూ ఉన్నారు. కానీ వంపు పెట్టిన ప్రతిచోటా బలం కూడా పెట్టాలి.

అప్పుడు వచ్చింది అసలు ఆలోచన. పెట్టె ఎలాగూ బిగువుగానే ఉంది, బరువు దానిచేతనే మోయిస్తే పోలేదా? 1947లో ఫ్రాన్సులో సిట్రోయెన్ వాళ్లు హెచ్ వ్యాను చూపించారు. విడిగా ఛాసీ లేదు, లాగేది ముందు చక్రాలు. ఇంజను శక్తిని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు పోనక్కర్లేదు కనుక నేల బాగా కిందికి దిగింది. పల్చటి రేకుకే గీతలు గీతలుగా మడతలు వేసి బిగువు తెచ్చారు. 1981 దాకా ఆ బండి తయారైంది. జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు ముందు బీటిల్ కారు నేల మీదే వ్యాను బాడీ పెట్టి చూశారు. అది మోయలేకపోయింది. అప్పుడు నేల కింద పట్టాలూ అడ్డ పట్టీలూ వేసి బాడీతో ఏకంగా వెల్డు చేశారు. 1950 మార్చిలో ఉత్పత్తి మొదలైంది. 1965లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డు ట్రాన్సిట్ నాకు ఎక్కువ నచ్చుతుంది. మూసిన వ్యానుకు విడి ఛాసీ లేని ఏకబాడీ, తొట్టి కట్టుకునేవాళ్లకు విడిగా ఛాసీ, రెండూ ఇచ్చింది. ఎవరి సరుకు వాళ్లకే తెలుసుగా.

మనదేశంలో ఆ పంథా నిదానంగా వచ్చింది. బజాజ్ టెంపో వాళ్ల మెటాడోర్ వ్యానుది ముందు చక్రాల లాగుడు, అంచేత నేల తక్కువ ఎత్తులో ఉండేది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా కూలీని అడగండి, నేల జానెడు దిగితే సాయంత్రానికి నడుముకు ఎంత తేడానో చెబుతాడు. ఎండుమిర్చి బరువు కన్నా చోటు ఎక్కువ అడుగుతుంది కాబట్టి లోపల ఎత్తు కూడా కలిసొచ్చేది. 1980ల్లో జపాను వాళ్లతో కలిసి చిన్న ట్రక్కులు వచ్చాయి. మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ వాటిలో ఒకటి. 1986లో టాటా 407. ఇవన్నీ లాడర్ ఛాసీలే, ఆటోనగర్‌కు చేతినిండా పని. మధ్యలో 1984లో మీరడిగిన మారుతీ వ్యాను వచ్చింది. దాని నేలా, పక్కలూ, కప్పూ అన్నీ కలిపి ఒకే ఫ్రేము. 2007లో టాటా వింగర్ కూడా ఇదే దారి పట్టింది.

కాబట్టి పట్టాలు మాయమవలేదు, పల్చటి రేకు మడతలై బాడీ అంతా పరుచుకున్నాయి. తలుపు రబ్బరు బీడింగు లాగి చూడండి, పావు అంగుళం గుండ్రటి నొక్కులు వరసగా ఉంటాయి. అవి స్పాట్ వెల్డులు, అంటే రేకుల్ని చుక్కలు చుక్కలుగా కరిగించి అతికిన చోట్లు. లారీలో రివిట్లు చేసే పని ఇక్కడ అవి చేస్తున్నాయి.

దీనివల్ల మా పని కూడా మారింది. ఛాసీ బండి పక్కరేకు కోసి కిటికీ పెట్టినా ఏమీ కాదు. ఏకబాడీ వ్యానుకు అలా కోస్తే మీరు కోసింది ఫ్రేమునే. గుమ్మం కింది మూసిన భాగానికి తుప్పు పడితే పుట్టీ పూసి రంగు కొట్టి అమ్మేస్తున్నారు, అది నాకు బొత్తిగా గిట్టదు. ఆ వ్యాన్లలో బడిపిల్లలు కూర్చుంటున్నారు. తుప్పు రేకు పూర్తిగా కోసి, అదే మందం రేకుతో పెట్టె మళ్లీ మూయాలి. ఖర్చయినా సరే.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఒక జత పాత బట్టలు తెచ్చుకోండి. షెడ్డుకు ఒక 407, ఒక మారుతీ వ్యాను రిపేరుకు వచ్చి ఉన్నాయి. రెంటి కిందా పడుకుని చూద్దురుగాని.

మీ తాతయ్య