నమూనా దేనికి జవాబు చెప్పాలి?

సంచి లేని వాక్యూమ్ క్లీనర్ కోసం జేమ్స్ డైసన్ 5,127 నమూనాలు చేశాడని తరచూ చెబుతుంటారు. ఆ అంకెకన్నా ఆయన పద్ధతి ముఖ్యం: ఒక్కసారికి ఒక్క మార్పే. రెండు కలిపి మారిస్తే పనితీరు మెరుగుపడినా, దేనివల్లో తేలదు. జెఫ్ హాకిన్స్ అయితే పామ్ పైలట్ అనే చేతిలో ఇమిడే కంప్యూటర్ సైజు తేల్చుకోవడానికి ఒక చెక్కముక్కను జేబులో వేసుకుని తిరిగాడు. జేబులో పడుతుందా లేదా అని తెలుసుకోవడానికి సర్క్యూట్ అక్కర్లేదు మరి.

చిక్కు ఎక్కడంటే, తనను అడగని ప్రశ్నకు కూడా నమూనా జవాబు చెప్పినట్టే కనిపిస్తుంది. ప్లాస్టిక్ మూతకుండే క్లిప్పునే తీసుకోండి. త్రీడీ ప్రింటర్ పొర మీద పొర వేస్తుంది. పొరల మధ్య పట్టు తక్కువ. క్లిప్పును నిలబెట్టి ప్రింట్ చేస్తే వంచగానే విరుగుతుంది, పడుకోబెట్టి చేస్తే తట్టుకుంటుంది. రేపు కరిగించిన ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోకి ఎక్కించి తయారుచేసే ఏబీఎస్ (ఒక రకం ప్లాస్టిక్) క్లిప్పు సంగతి మాత్రం ఈ రెండూ చెప్పవు. ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది కనుక దానితో వేడి పరీక్ష చేయడం దండగ.

ప్రింటర్ ఏ ఆకారమైనా చేసిపెడుతుంది, అచ్చు ఒప్పుకోదు. గోడలకు 1–2 డిగ్రీల వాలు ఇవ్వకపోతే ముక్క అచ్చును వదలక గీతలు పడతాయి. లోపలి రిబ్ (గోడకు బలమిచ్చే పట్టీ) గోడంత మందంగా ఉంటే అక్కడి ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి, పైవైపు గుంట పడుతుంది. గోడ 2.5 మిల్లీమీటర్లయితే రిబ్ 1.5 దాటకపోవడం మంచిది. ఉక్కు అచ్చును ఇంకాస్త చెక్కడం తేలికే, చెక్కింది పూడ్చడమే ఖర్చు. అచ్చును చెక్కినచోట ముక్క మందమవుతుంది. అందుకే క్లిప్పు పట్టును మొదట కావాలనే వదులుగా ఉంచి, తొలి ముక్కలు చూశాక బిగిస్తారు.

వాడిచూసేవాళ్లకు నమూనా ఇచ్చేటప్పుడు ఏమీ వివరించకూడదు. బటన్ కోసం వాళ్ల వేలు ముందు ఎటు వెళ్లిందో చూస్తే చాలు. నున్నగా రంగేసిన నమూనాకు మొహమాటపు మెప్పే దక్కుతుంది. అట్టముక్కతో చేసినదాన్ని మాత్రం నిస్సంకోచంగా తిడతారు. మనకు కావలసింది ఆ తిట్లే.

అసలు అచ్చు నుంచి వచ్చిన ముక్కలతోనే జారవిడిచే పరీక్ష చేయాలి. పెట్టె ఆకారానికి 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు, మొత్తం 26 సార్లు. చివర్లో ఒక్కసారే విప్పి చూస్తే పగులు ఎప్పుడు మొదలైందో తెలియదు. ప్రతి దెబ్బ తర్వాతా స్క్రూ చుట్టుపక్కల, క్లిప్పు మొదలు దగ్గర టార్చి వేసి వెతకాలి.